ఇంగ్లాండ్‌లో ఇంటి పెద్దలకు కౌన్సిల్ నుంచి సంరక్షణ సాయం పొందడం ఎలా

స్నానం చెయ్యడానికి, బట్టలు మార్చుకోవడానికి, వండుకు తినడానికి మరొకరి చెయ్యి కావలసిన మనిషి మీ ఇంట్లో ఉంటే, ఇంగ్లాండ్‌లో ఆ సాయం కోసం వెళ్లాల్సింది లోకల్ కౌన్సిల్ దగ్గరికి. డాక్టర్లు, మందులు, నర్సులు ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ చూసుకుంటుంది. రోజువారీ పనుల్లో చేసే సాయం కౌన్సిల్ బాధ్యత, దానికి మీరు కొంత కట్టాల్సి రావచ్చు. 2014 కేర్ యాక్ట్ ప్రకారం 18 ఏళ్లు నిండిన ఎవరికైనా సాయం అవసరం ఉన్నట్టు కనిపిస్తే చాలు, కౌన్సిల్ వచ్చి పరిస్థితి చూసి అంచనా వెయ్యాల్సిందే. దీన్నే నీడ్స్ అసెస్‌మెంట్ అంటారు, ఫీజు ఉండదు. ఇది ముసలివాళ్లకే అనుకోవద్దు. స్ట్రోక్ వచ్చిన నలభై ఏళ్ల మనిషికి, ఆటిజం ఉండి 18 దాటిన అబ్బాయికి, తీవ్రమైన మానసిక సమస్య ఉన్న చెల్లెలికి కూడా దారి ఇదే.

ఈ వివరాలు ఇంగ్లాండ్‌కే వర్తిస్తాయి. స్కాట్లాండ్‌లో అర్హులైన పెద్దవాళ్లకు వ్యక్తిగత సంరక్షణ ఉచితం. వేల్స్‌లో ఇంటి దగ్గర అందే సాయానికి వారానికి 100 పౌండ్లకు మించి తీసుకోరు. ఉత్తర ఐర్లాండ్‌లో కౌన్సిళ్లకు బదులు హెల్త్ అండ్ సోషల్ కేర్ ట్రస్టులు ఈ పని చూస్తాయి.

వీసా భయం సంగతి ముందే తేల్చుకోండి

"పబ్లిక్ ఫండ్స్ వాడకూడదని వీసాలో రాసి ఉంది, కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే వీసాకి ముప్పు" అని చాలామంది ఆగిపోతారు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో పబ్లిక్ ఫండ్స్ అంటే ఫలానావి అని ఒక జాబితా ఉంది. అటెండెన్స్ అలవెన్స్, పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే భత్యం), కేరర్స్ అలవెన్స్, యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ హౌసింగ్ అందులో ఉన్నాయి. కేర్ యాక్ట్ కింద కౌన్సిల్ ఇచ్చే సంరక్షణ అందులో లేదు. కాబట్టి సరైన వీసాతో ఇక్కడ నివసిస్తున్న వాళ్లు అసెస్‌మెంట్ అడగడం పబ్లిక్ ఫండ్స్ వాడినట్టు కాదు. వీసా గడువు దాటిపోయిన వాళ్ల విషయం వేరు, వాళ్లపై చట్టంలో ఆంక్షలు ఉన్నాయి. అలాగే అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ వీసా మీద తల్లిదండ్రుల్ని రప్పించుకున్నవాళ్లు అయిదేళ్లపాటు వాళ్ల పోషణ, వసతి, సంరక్షణ తామే చూసుకుంటామని రాసిచ్చి ఉంటారు. ఈ రెండు రకాల్లో మీరు దేనికి చెందినా ముందు ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడండి.

ఏ కౌన్సిల్‌ని అడగాలి

చెత్త డబ్బాలు తీసుకెళ్లే కౌన్సిల్, సోషల్ కేర్ చూసే కౌన్సిల్ ఒకటే కావాలని లేదు. కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండంచెలున్న చోట సోషల్ కేర్ కౌంటీ చేతిలో ఉంటుంది. లండన్‌లో అయితే మీ బరో, అంటే మీ ప్రాంతపు కౌన్సిల్. గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో నీడ్స్ అసెస్‌మెంట్ పేజీకి వెళ్లి పోస్ట్‌కోడ్ కొడితే సరైన కౌన్సిల్ పేజీయే తెరుచుకుంటుంది. పెద్దాయన ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కౌన్సిల్‌ని అడగాలి. కొడుకు రీడింగ్‌లో, నాన్న లెస్టర్‌లో ఉంటే లెస్టర్‌నే అడగాలి.

ఫోన్ చేసే ముందు

అసలు కేసు గెలిచేదీ, చేజారేదీ ఇక్కడే. అమ్మ ఏం చేసుకోగలదు అని అడిగితే మన ఇళ్లలో వచ్చే జవాబు "ఆవిడకేం ఇబ్బంది లేదండీ, మేం చూసుకుంటాం". ఆ మాట ఫారంలోకి ఎక్కిందంటే "అవసరాలు తీరుతున్నాయి" అని రాసుకుని ఫైలు మూసేస్తారు. నిబంధన చెప్పేది ఇందుకు పూర్తిగా వేరు. ఇంట్లో వాళ్లు చేస్తున్న సాయాన్ని పక్కనపెట్టి ఆ మనిషి తనంతట తాను ఏం చేసుకోలేకపోతున్నారో కౌన్సిల్ చూడాలి. కోడలు చేస్తోందా, కూతురు చేస్తోందా అన్నది ఆ తర్వాత, సాయం ఎంత ఇవ్వాలో లెక్క వేసేటప్పుడు వస్తుంది. అప్పుడు కూడా ఆ కోడలు చెయ్యడానికి ఇష్టపడుతోందా, చెయ్యగలదా అని అడగాలి. కాబట్టి ఇంట్లో ఇంకెవరూ లేరనుకుని, ఆ పెద్దావిడ రోజు ఎలా గడుస్తుందో రాయండి.

ఒక వారం రోజులు నోట్‌బుక్ పెట్టండి. రాత్రి ఎన్నిసార్లు లేపారు, బాత్రూమ్ దాకా ఎవరు పట్టుకెళ్లారు, జాకెట్టు హుక్కులు ఎవరు పెట్టారు, మాత్రలు ఎన్నిసార్లు మర్చిపోయారు, స్టవ్ ఎన్నిసార్లు వెలిగించి వదిలేశారు, ఎక్కడ పడ్డారు అన్నీ తేదీ, టైముతో సహా రాయండి. మంచి రోజుని కాకుండా చెడ్డ రోజుని వివరంగా రాయండి. చెడ్డ రోజులు వారానికి ఎన్నో కూడా చెప్పండి.

రాసేటప్పుడు చట్టం చూసే పది విషయాలు మనసులో పెట్టుకోండి. తిండి, నీళ్లు చూసుకోవడం, ఒంటి శుభ్రత, మలమూత్ర అవసరాలు, కాలానికి తగ్గ బట్టలు వేసుకోవడం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగడం, ఇల్లు ఉండదగ్గట్టు ఉంచుకోవడం, బంధువులతో, స్నేహితులతో సంబంధాలు నిలుపుకోవడం, ఉద్యోగం, చదువు లేదా వాలంటీరు పని, బస్సు, దుకాణం, పార్కు, గుడి వంటి చోట్లకు వెళ్లిరావడం, పిల్లలుంటే వాళ్లని చూసుకోవడం. వీటిలో కనీసం రెండు చేసుకోలేకపోవాలి, అందుకు కారణం శారీరక లేదా మానసిక అనారోగ్యమో వైకల్యమో అయ్యుండాలి, దానివల్ల ఆ మనిషి క్షేమం మీద గట్టి ప్రభావం పడాలి. మూడూ కలిస్తేనే అర్హత.

"చేసుకోలేకపోవడం" అంటే అసలు చేతకాకపోవడమే అనుకుని చాలామంది తక్కువ చెప్పుకుంటారు. సాయం లేకుండా చెయ్యలేకపోయినా, చేస్తే బాగా నొప్పి లేదా ఆందోళన కలిగినా, చేస్తే ప్రమాదం ఉన్నా, మామూలు కన్నా చాలా ఎక్కువ టైము పట్టినా, నాలుగూ "చేసుకోలేకపోవడం" కిందికే వస్తాయి. మోకాళ్ల నొప్పులతో టబ్‌లోకి కాలెత్తి దిగడానికి ముప్పావు గంట తంటాలు పడే అమ్మ స్నానం చెయ్యగలిగినట్టు కాదు. బకెట్, చెంబుతో నిలబడి పోసుకుంటూ జారిపోయే నాన్నగారూ అంతే.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు: మందుల జాబితా, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) లేదా ఆసుపత్రి ఉత్తరాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, ఎన్‌హెచ్‌ఎస్ నంబర్.

మొదటి ఫోన్ కాల్

ఫోన్ ఎత్తేది చాలాచోట్ల సోషల్ వర్కర్ కాదు, తొలి విచారణ చేసే సిబ్బంది. వాళ్ల పనిలో సగం ఫలానా సంస్థని అడగండి, వెబ్‌సైట్ చూడండి అని పక్కదారి చూపించడమే. అందుకని మొదటి వాక్యంలోనే "కేర్ యాక్ట్ కింద నీడ్స్ అసెస్‌మెంట్ కావాలి" అని స్పష్టంగా అడగండి. ఆన్‌లైన్ ఫారం అయినా అంతే. మీరు కొడుకుగా, కూతురిగా పెద్దవాళ్ల తరఫున అడగొచ్చు, కానీ వాళ్ల ఒప్పుకోలు ఉండాలి. మతిమరుపు వ్యాధి (డిమెన్షియా) వంటి కారణంతో సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే ఆ మాట చెప్పండి.

"మీ దగ్గర ఎంత డబ్బుంది?" అని ఫోన్‌లోనే అడిగి, ఎక్కువుంటే అసెస్‌మెంట్ లేదనడం తప్పు. ముందు అవసరం చూడాలి, తర్వాత డబ్బు. ఆస్తి ఎంతున్నా అసెస్‌మెంట్ హక్కు పోదు.

ఆ కాల్‌లోనే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. పెద్దవాళ్లకి ఇంగ్లీషు వచ్చినా అడగండి, ఎందుకంటే డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోతుంటుంది. కొడుకే అనువదిస్తే ఇంకో చిక్కు. బట్టల్లో తడుపుకుంటున్నానని అమ్మ కొడుకు నోటితో చెప్పించదు. మాట్లాడటంలో, అర్థం చేసుకోవడంలో చాలా ఇబ్బంది ఉండి, తరఫున నిలబడే తగిన మనిషి ఎవరూ లేకపోతే స్వతంత్ర అడ్వొకేట్‌ని (లాయర్ కాదు, వాళ్ల తరఫున మాట్లాడే మనిషి) కౌన్సిలే ఏర్పాటు చెయ్యాలి.

అసెస్‌మెంట్ ఇన్ని రోజుల్లో చెయ్యాలని చట్టంలో గడువు లేదు, తగిన సమయంలో చెయ్యాలంతే. అందుకే రిఫరెన్స్ నంబర్, మాట్లాడినవాళ్ల పేరు రాసుకుని, తర్వాత ఈమెయిల్‌లో తేదీతో సహా అదే అభ్యర్థన పంపండి. పరిస్థితి ఆగేలా లేకపోతే అర్జెంట్ అని చెప్పండి. అసెస్‌మెంట్ పూర్తి కాకుండానే సాయం మొదలుపెట్టే అధికారం కౌన్సిల్‌కి ఉంది.

అసెస్‌మెంట్ రోజు

వచ్చేది సోషల్ వర్కర్ లేదా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే నిపుణులు). కొన్ని కౌన్సిళ్లు ఫోన్‌లోనే తేల్చేస్తాయి. ఇంటికి రమ్మని గట్టిగా అడగండి. పిండివంటలు పెట్టి, ఇల్లు సర్ది, అమ్మకి కొత్త చీర కట్టి కూర్చోబెట్టకండి. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. ఎవరైనా వస్తే మన పెద్దవాళ్లు ఓపిక తెచ్చుకుని లేచి నిలబడి, టీ పెట్టిస్తామంటారు, ఏమడిగినా "బాగానే ఉన్నాను తల్లీ" అంటారు. అప్పుడు నోట్‌బుక్ ముందు పెట్టండి. వాళ్ల ముందు చెప్పడం కష్టమైతే సోషల్ వర్కర్‌తో విడిగా మాట్లాడాలని అడగండి.

శాకాహారం, మడి, ఆడవాళ్లకి ఆడ కేర్ వర్కరే కావాలన్న పట్టింపు, గుడికి వెళ్లాలన్న కోరిక చిన్న విషయాలని వదిలెయ్యకండి. ఇవి రాతలో ఉంటేనే తర్వాత అడగడానికి ఆధారం ఉంటుంది. మైక్రోవేవ్ పాస్తా ముట్టని మనిషికి పదిహేను నిమిషాల "మీల్ విజిట్" పెడితే ఆవిడ ఆ పూట తిననట్టే.

చివర్లో అసెస్‌మెంట్ కాపీ రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగండి. తప్పులుంటే ఈమెయిల్‌లో సరిదిద్దించండి. "కుటుంబం పూర్తిగా చూసుకుంటోంది" అన్న వాక్యం మీరు అనకపోయినా చాలా కాపీల్లో కనిపిస్తుంది.

ఉచితంగా వచ్చేవి

డబ్బు లెక్కలోకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి. ఆసుపత్రి నుంచి వచ్చాక, లేదా పడి లేచాక, తిరిగి సొంతంగా పనులు చేసుకునేలా తయారుచేసే రీఎబుల్‌మెంట్ సేవ ఆరు వారాల వరకు ఉచితం. ఇక్కడ తేడా కొట్టేది ఆరో వారం చివర. అప్పటికి పూర్తి అసెస్‌మెంట్ అవ్వకపోతే సాయం ఠక్కున ఆగుతుంది, లేదా బిల్లు మొదలవుతుంది. మూడో వారంలోనే "తర్వాత ఏంటి?" అని అడగండి. ఇంకా ఆసుపత్రిలో ఉండగానే వార్డులో "ఇంట్లో మేం చూసుకుంటాం" అని ఒప్పేసుకోకండి.

పట్టుకునే కడ్డీలు, ఎత్తు టాయిలెట్ సీటు, బాత్ బోర్డు, చిన్న ర్యాంపు వంటివి, 1,000 పౌండ్ల లోపు మార్పులు, ఆదాయంతో పని లేకుండా ఉచితం. అంతకు మించినవి, అంటే మెట్ల లిఫ్టు, టబ్ తీసేసి నేల మట్టంగా షవర్ కట్టించడం లాంటివి, డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ కింద 30,000 పౌండ్ల వరకు రావచ్చు. దానికి ఆదాయ పరిశీలన ఉంటుంది. రెండంచెల ప్రాంతాల్లో ఈ గ్రాంటు డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఇస్తుంది. మంజూరు ఉత్తరం రాకముందే మేస్త్రీని దింపితే సాధారణంగా ఒక్క పౌను కూడా రాదు.

అవసరం ప్రధానంగా ఆరోగ్యపరమైనదైతే, ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ కింద మొత్తం ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్ భరిస్తుంది, ఆస్తి చూడరు. మంచాన పడిన వాళ్లకి, తీవ్రమైన డిమెన్షియా ఉన్నవాళ్లకి దీని చెక్‌లిస్ట్ చెయ్యమని అడగడం మర్చిపోవద్దు. అందరికీ రాదు గానీ, మనం అడగకపోతే తమంతట తాము చెప్పేవాళ్లు తక్కువ.

డబ్బు లెక్క

అర్హత తేలాక ఫైనాన్షియల్ అసెస్‌మెంట్ ఉంటుంది. పొదుపు, ఆస్తి కలిపి 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా మీదే. 14,250 లోపైతే పొదుపు జోలికి రారు, ఆదాయమే చూస్తారు. మధ్యలో ఉంటే ప్రతి 250 పౌండ్లకీ వారానికి ఒక పౌను ఆదాయం ఉన్నట్టు లెక్కిస్తారు. ఉదాహరణకి 16,000 ఉంటే, 14,250 పోను మిగిలిన 1,750కి వారానికి 7 పౌన్లు.

సంరక్షణ అవసరమైన ఆ ఒక్క మనిషి డబ్బే చూడాలి. కొడుకు జీతం, కోడలి జీతం చూడకూడదు. జీవిత భాగస్వామి సొంత ఖాతా కూడా అంతే. జాయింట్ ఖాతా అయితే మామూలుగా సగం లెక్కేస్తారు. ఇంటి దగ్గరే సాయం పొందుతుంటే ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. కేర్ హోమ్‌కి వెళితే వస్తుంది, కాకపోతే ఆ ఇంట్లో భార్య లేదా భర్త, 60 దాటిన బంధువు, లేదా 18 నిండని సొంత బిడ్డ ఉంటుంటే రాదు.

ఇండియాలో ఉన్నది దాచేస్తే పోతుందనుకోవద్దు. కూకట్‌పల్లి ఫ్లాటు, విజయవాడ బ్యాంకు ఎఫ్‌డీ, ఊళ్లో పొలం, అన్నీ చెప్పాల్సినవే. పొలం అన్నదమ్ముల ఉమ్మడి అయితే మీ వాటా విలువే లెక్క. దానికి పాస్‌బుక్, వాటాల కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒంటి మీద బంగారం వ్యక్తిగత వస్తువు, సాధారణంగా లెక్కించరు. కానీ పొదుపు తగ్గించి చూపడానికే కొన్నారని అనుమానం వస్తే లెక్కిస్తారు.

ఆస్తి కొడుకు పేర రాసేస్తే ఏడేళ్లలో సరిపోతుందన్న మాట వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ ఏడేళ్ల లెక్క వారసత్వ పన్నుది. సంరక్షణ ఖర్చు తప్పించుకోవడానికే ఇచ్చారని తేలితే ఎన్నేళ్లైనా ఆ ఆస్తి ఇంకా మీదే అన్నట్టు లెక్క కట్టొచ్చు, ఒక్కోసారి పుచ్చుకున్నవాళ్ల నుంచి వసూలు చెయ్యొచ్చు. జీవితకాలపు ఖర్చుకి 86,000 పౌండ్ల పరిమితి వస్తుందన్న పాత కథనాలు కూడా ఇంకా కనిపిస్తాయి. ఆ పథకాన్ని 2024 జులైలో రద్దు చేశారు.

ఇంటి దగ్గర సాయానికి కట్టాక చేతిలో కనీస ఆదాయం మిగలాలి, ఆ మొత్తం ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. ఇక అనారోగ్యం వల్ల అదనంగా అయ్యే ఖర్చులు తీసివెయ్యమని అడగండి. ఎక్కువసార్లు తిరిగే వాషింగ్ మెషిన్, ఎక్కువ కాల్చే హీటింగ్, ప్యాడ్లు, ప్రత్యేక ఆహారం వంటివన్నీ వస్తాయి. రసీదులు మూడు నెలలవి దాచి పెట్టండి. ఫారంలో ఈ భాగాన్ని ఖాళీగా వదిలేస్తే ఎక్కువ కట్టాల్సి వస్తుంది. పిప్‌లో మొబిలిటీ భాగాన్ని ఆదాయంగా లెక్కించకూడదు.

సాయం మొదలై, లెక్క నెలల తరవాత తేలితే బిల్లు మొదటి రోజు నుంచీ వేసి ఒక్కసారిగా పంపుతారు. ఫారం వెంటనే ఇచ్చెయ్యడం, లెక్క తేలేదాకా కొంత పక్కన పెట్టుకోవడం మంచిది. వివరాలు ఇవ్వకపోతే పూర్తి ఖర్చు కట్టగలిగినవాళ్ల కింద జమకడతారు.

కేర్ ప్లాన్, డైరెక్ట్ పేమెంట్

ప్లాన్‌లో వారానికి మొత్తం ఎంత అన్నది పర్సనల్ బడ్జెట్. దాన్ని ఏజెన్సీ ద్వారా కౌన్సిలే నడపొచ్చు, లేదా మీరు డైరెక్ట్ పేమెంట్‌గా తీసుకుని కావలసిన మనిషిని పెట్టుకోవచ్చు. తెలుగు మాట్లాడే, పప్పు, కూర చెయ్యగల మనిషి కావాలనుకుంటే రెండోదే నయం. అయితే మీరు యజమాని అవుతారు: విడిగా బ్యాంకు ఖాతా, పన్నుల శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ దగ్గర నమోదు, ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్, సెలవు జీతం, పని చేసే హక్కు ఉందో లేదో తనిఖీ. ఈ ఖర్చులకి బడ్జెట్ సరిపోతుందో లేదో సంతకం పెట్టకముందే చూసుకోండి.

అదే ఇంట్లో ఉండే దగ్గరి బంధువుకి ఈ డబ్బు ఇవ్వడానికి కౌన్సిల్ ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. వేరే ఇంట్లో ఉండే మేనకోడలికి ఇవ్వొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన పిన్నిగారికి జీతం ఇవ్వకూడదు. డిగ్రీ చదువుతున్న స్టూడెంట్ వీసా వాళ్లకి చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పరిమితి.

చూసుకునేవాళ్ల వంతు

పెద్దవాళ్లు "నాకు ఎవరి సాయమూ వద్దు" అని అసెస్‌మెంట్ కాదన్నా, చూసుకుంటున్న కోడలికి, కూతురికి, భార్యకి విడిగా కేరర్స్ అసెస్‌మెంట్ అడిగే హక్కు ఉంది. వారానికి ఇన్ని గంటలన్న షరతు లేదు. ఉద్యోగం మానుకోవాల్సి రావడం, నిద్ర లేకపోవడం, నడుంనొప్పి, పిల్లల్ని చూసుకోలేకపోవడం చెప్పండి. కొన్ని రోజుల విరామం, కొంత డబ్బు, శిక్షణ రావచ్చు. "మా అత్తగారే కదా" అని ఇది వదిలేసే ఇళ్లు చాలా ఎక్కువ.

కాదన్నప్పుడు

ఫోన్‌లో చెప్పిన "నో" లెక్కకి రాదు. ఏ అవసరం ఏ కారణంతో కాదన్నారో రాసివ్వమని అడగండి, వాళ్లు ఇవ్వాలి. పది విషయాల్లో ఏది తప్పుగా అంచనా వేశారో నోట్‌బుక్ ఆధారంగా చూపిస్తూ మళ్లీ చూడమనండి. అప్పటికీ కదలకపోతే కౌన్సిల్‌కి అధికారికంగా ఫిర్యాదు, ఆ తరవాత కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఒంబుడ్స్‌మన్. సమస్య తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి, ఫీజు లేదు. సలహాకి ఏజ్ యూకే, కేరర్స్ యూకే, సిటిజన్స్ అడ్వైస్ ఉన్నాయి.

సాయం వచ్చాక కూడా ఏడాదికొకసారి రివ్యూ ఉంటుంది. మధ్యలో పరిస్థితి మారితే మీరే రివ్యూ అడగండి. రివ్యూలో గంటలు తగ్గించబోతే, అవసరం ఎక్కడ తగ్గిందో చూపించమని అడగండి. ఇల్లు మారి ఇంకో కౌన్సిల్ పరిధిలోకి వెళ్తుంటే ముందే రెండు కౌన్సిళ్లకీ చెప్పండి: వెళ్లే రోజుకి కొత్త కౌన్సిల్ అసెస్‌మెంట్ పూర్తి కాకపోతే, అది పూర్తయ్యేదాకా పాత ప్లాన్‌లో ఉన్న అవసరాలన్నీ కొత్త కౌన్సిలే తీర్చాలి.